పాత ఫ్రిజ్‌ని పెల్లెట్ స్మోకర్‌గా మార్చాలంటే

స్మోకర్ అంటే మాంసాన్ని పొగలో నెమ్మదిగా ఉడికించే పెట్టె, పెల్లెట్ స్మోకర్‌లో నిప్పుకి చెక్కపొట్టుని నొక్కి చేసిన చిన్న గుళికలు, అంటే పెల్లెట్లు, వాడతారు. ఫ్రిజ్‌లో చల్లబరిచే పనంతా కంప్రెసరూ, గొట్టాల్లో తిరిగే గ్యాసూ చూసుకుంటాయి, పెట్టె చేసేదల్లా బయటి వేడిని లోపలికి రాకుండా ఆపడమే. వేడి ఎటు నుంచి వచ్చినా గోడలోని ఇన్సులేషన్‌కి ఒకటే, లోపల నిప్పు పెడితే ఆ వేడినీ అంతే గట్టిగా ఆపుతుంది. అందుకే కంప్రెసర్ పోయిన ఫ్రిజ్ మంచి స్మోకర్ అవుతుంది, కాకపోతే ఏ ఫ్రిజ్ పడితే అది పనికిరాదు.

పొగలో మాంసం నెమ్మదిగా ఉడకాలంటే లోపల 110 డిగ్రీల సెల్సియస్ దాకా గంటల తరబడి ఉండాలి. ఇప్పటి ఫ్రిజ్‌ల లోపలి తెల్లగోడ ప్లాస్టిక్, 100 డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడిపోతుంది, దాని వెనకున్న పాలీయురేథేన్ ఫోమ్‌కి మంట అంటుకుంటే విషవాయువులు వస్తాయి. పైన స్టీల్ రేకు కొట్టేస్తే చాలు అనుకోవద్దు, రేకు వేడిని ఆపదు, వెనకున్న ప్లాస్టిక్‌కి చేరవేస్తుంది. ప్లాస్టిక్, ఫోమ్ మొత్తం పీకేసి రాక్‌వుల్ (రాతి పీచు) నింపి అప్పుడు రేకు వెయ్యాలి, లేదా లోపల ఎనామెల్ పూసిన స్టీలు, గోడల్లో గ్లాస్‌వుల్ (గాజు పీచు) ఉన్న బాగా పాతకాలం ఫ్రిజ్ దొరికితే అదే బెస్ట్. పాత జాలీలకి కాడ్మియం పూత ఉండొచ్చు, అది విషం, వాటి బదులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి పెట్టుకోండి.

గ్యాస్ గొట్టం మాత్రం మీరు కొయ్యకండి, మెకానిక్‌తో తీయించండి. పాతవాటిలో ఉండే ఆర్-12 అనే గ్యాస్ ఓజోన్‌ని తినేస్తుంది, 1987 మాంట్రియల్ ఒప్పందం అలాంటివాటి మీద వచ్చిందే, తర్వాత వచ్చిన ఆర్-134ఏ భూమిని కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా వేడెక్కిస్తుంది, ఆర్-600ఏ అయితే మండే గ్యాసే.

ఇక నిప్పు సంగతి, అసలు చిక్కు ఇక్కడే. 3 చదరపు మీటర్ల గోడలు, 5 సెంటీమీటర్ల గ్లాస్‌వుల్, లోపలికీ బయటికీ 80 డిగ్రీల తేడా అనుకుంటే గోడల్లోంచి పోయే వేడి సుమారు 200 వాట్లే. కిలో పెల్లెట్లలో దాదాపు 5 యూనిట్ల శక్తి ఉంటుంది, అంటే గోడల నష్టం పూడ్చడానికి గంటకి 40 గ్రాములు చాలు! వినడానికి బాగుంది కానీ అంత చిన్న నిప్పు శుభ్రంగా మండదు. వేడి సరిపోయింది కదా అని, లోపలి వేడిని చూసుకునే కంట్రోలర్ పెల్లెట్లు తోసే స్క్రూని ఆపేస్తుంది, నిప్పు కునారిల్లుతుంది, దట్టమైన తెల్లపొగ లేస్తుంది, అందులోని తారు మాంసానికి పట్టి చేదెక్కుతుంది. మనకి కావాల్సింది సన్నగా, లేత నీలంగా కనిపించే పొగ, అందులో కణాలు చాలా చిన్నవి, నీలి కాంతిని ఎక్కువ చెదరగొడతాయి కాబట్టి ఆ రంగు. చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం విరిగినప్పుడు వచ్చే గ్వయాకాల్, సిరింగాల్ అనే రసాయనాలు ఇచ్చే రుచీ వాసనా మాంసానికి చేదు లేకుండా పట్టాలంటే అలాంటి పొగే ఉండాలి.

అందుకని ఇన్సులేషన్ ఎంత బాగుంటే పొగగొట్టం అంత తెరిచి పెట్టాలి, పెల్లెట్లు మండే నిప్పు గిన్నె చిన్నది చూసుకోవాలి, నిప్పుకి గాలి ఊదే ఫ్యాన్ ఆడుతూనే ఉండాలి. కష్టపడి ఆపిన వేడిని వదిలేయడమేంటి అనిపిస్తుంది, కానీ ఆ గాలి పోతేనే కొత్త గాలి వస్తుంది, నిప్పు పెద్దదవుతుంది, మాంసం పైన తేమ ఆరి రంగు తేలుతుంది.

ఇదంతా ఆరుబయటే చెయ్యాలి, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. పాత ఫ్రిజ్‌ల గొళ్లెం పీకేయండి, లోపల ఇరుక్కుని పిల్లలు చనిపోతుంటే అమెరికాలో 1956లో ఏకంగా చట్టమే తెచ్చారు, లోపల్నుంచి తోస్తే తెరుచుకునే క్యాచ్ పెట్టండి. తలుపు రబ్బరు బదులు వేడి తట్టుకునే ఫైబర్‌గ్లాస్ తాడు చుట్టాలి. మొదటిసారి ఏమీ పెట్టకుండా, వండే వేడి కంటే కొంచెం ఎక్కువలో కొన్ని గంటలు కాల్చి చూడండి, ప్లాస్టిక్ వాసన ఏ మాత్రం వచ్చినా ఆపేసి, అది ఎక్కడ మిగిలిందో వెతికి తీశాకే చేపైనా మాంసమైనా పెట్టాలి.