అమ్మాయి ఇక్కడే ఉంటోంది

దిల్‌సుఖ్‌నగర్ కాలనీలోనైనా, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లోనైనా ఈ మాట చెవిన పడితే అవతలివాళ్లు రెండో ప్రశ్న వేయరు. "అమ్మాయి ఇక్కడే ఉంటోంది." పండక్కి రాలేదు, పురిటికీ రాలేదు. వచ్చి ఏడాదో మూడేళ్లో అయింది. కేసు వేశారో లేదో ఎవరికీ తెలీదు. పిల్లాణ్ని పక్క వీధి బడిలో చేర్చారు కాబట్టి ఇప్పట్లో వెళ్లదని మాత్రం అందరికీ అర్థమవుతుంది.

2011 జనాభా లెక్కల్లో విడాకులు తీసుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద సుమారు 13.6 లక్షల మంది. విడాకుల్లేకుండానే విడిగా ఉంటున్నవాళ్లు 35 లక్షల దాకా తేలారు. విడాకులు పెరిగిపోతున్నాయని టీవీ చర్చల్లో గుండెలు బాదుకునేవాళ్లు పట్టించుకునేది ఈ రెండింటిలో చిన్న అంకెను. నేను చూసినంతవరకు ఇంటిల్లిపాదినీ నలిపేసేది ఇల్లు విరిగిన రోజుకీ కాగితం చేతికొచ్చిన రోజుకీ మధ్య గడిచే కాలం. మన చట్టాల చరిత్ర చాలావరకు ఆ కాలంతో కుస్తీయే.

ఒకప్పుడు చాలా కులాల్లో ఆ కాలం పొట్టిగానే ఉండేది. పెద్దమనుషులు కూర్చునేవారు, పెట్టుపోతల లెక్క తేల్చేవారు, తెగతెంపులు అయిపోయేవి. తర్వాత మారుమనువు. అదేమీ బంగారు కాలం కాదు, పంచాయితీలో ఆడవాళ్ల మాట నెగ్గడం కష్టమే. కానీ ఏదో ఒకటి తేలేది. ముస్లిం మహిళకు ఖులా, అంటే తానే విడాకులు అడిగే దారి ఉండేది. ఏ దారీ లేనిది, పెళ్లి ఏడేడు జన్మల బంధమని శాస్త్రం చెప్పుకున్న ఇళ్లలో పుట్టిన ఆడపిల్లకే. మొగుడితో పడకపోతే పుట్టింటి వంటగదే గతి, జీవితాంతం.

హిందువులకు విడాకుల దారిని మద్రాసు రాష్ట్రం తన పరిధిలో 1949లో తెరిచింది. హిందూ వివాహ చట్టం 1955 మే 18న వచ్చింది. కుల ఆచారం ప్రకారం జరిగే తెగతెంపులను అది రద్దు చేయలేదు, 29వ సెక్షన్‌లో అలాగే ఉంచింది. ఈ సంగతి చాలామందికి ఇప్పటికీ తెలీదు. తెలిసినవాళ్లు కొందరు వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసేసుకుని అయిపోయిందనుకుంటారు. ఆచారం నిజంగా ఉందని కోర్టులో రుజువు చేయాల్సి వచ్చినప్పుడు తిప్పలు మొదలవుతాయి.

ఇక్కడ దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. విద్యానగర్‌లో ఆవిడ పేరున్న ఆసుపత్రి ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లకు కూడా ఈ కథ తెలిసి ఉండకపోవచ్చు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పదిహేనేళ్లు వచ్చాక ఆ కాపురం వద్దంది. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలబడ్డారు. తర్వాత చదువు, జైలు, లా డిగ్రీ, రాజ్యాంగ సభ. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి, మనకూ అలాంటివి కావాలని న్యాయమూర్తులు ఛాగ్లా, గజేంద్రగడ్కర్‌లతో చర్చించింది, నెహ్రూకి చెప్పింది. కుటుంబ తగాదాను పొలం గట్టు తగాదాలా విచారించకూడదన్నది ఆ ఆలోచన వెనుక ఉన్న సంగతి. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆవిడ పోయి మూడేళ్లు.

ఆ చట్టం ప్రకారం ముందు రాజీకి ప్రయత్నించాలి. లాయరును పెట్టుకోవడం ఇక్కడ హక్కు కాదు, కోర్టు అవసరమనుకుంటే అనుమతిస్తుంది. కాగితం మీద మాట అది. నగరంలో ఫ్యామిలీ కోర్టు అంటే చాలామందికి గుర్తొచ్చేది పురానీ హవేలీ, ఒకప్పటి నిజాంల నివాసం. లాయర్లు లేకుండా అక్కడ వాయిదాలు నడుస్తాయని ఎవరైనా చెబితే నేను నమ్మను.

కాలం సంగతికొద్దాం. హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ పరస్పర అంగీకారంతో విడిపోయే వీలు తెచ్చింది, జనం నోట్లో "మ్యూచువల్". ఏడాది విడిగా ఉండి ఉండాలి, పిటిషన్ వేశాక కనీసం ఆరు నెలలు ఆగాలి. ఇదే సవరణ ఇంకో మాట కూడా రాసింది: నోటీసు అందిన ఆరు నెలల్లో విచారణ ముగించే ప్రయత్నం చేయాలి. రెండు ఆరు నెలలూ ఒకే చట్టంలో ఉన్నాయి. ఆగమన్న ఆరు నెలలు తు.చ. తప్పకుండా అమలయ్యాయి. ముగించమన్న ఆరు నెలలు ఎవరికీ గుర్తులేవు.

విడిపోయి ఉన్న భార్యను లేదా భర్తను కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించే సెక్షన్ మీద 1983లో మన హైకోర్టులోనే పెద్ద తీర్పు వచ్చింది. సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. 1984లో, వేరే కేసులో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. ఇప్పటికీ విడాకుల నోటీసుకు జవాబుగా "నా భార్యను కాపురానికి పంపండి" అని కేసు పడుతుంది. మనసులో కాపురం ఉండదు, వాయిదాలు మాత్రం పెరుగుతాయి.

ఆరు నెలల గడువును కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు అంది. కోలుకోలేనంతగా విరిగిన పెళ్లిని తానే నేరుగా రద్దు చేయగలనని 2023 మే 1న చెప్పింది. కానీ ఆ అధికారం ఢిల్లీలోనే ఉంది, ఎల్బీనగర్ కోర్టులో లేదు. ఖులాకు భర్త అంగీకారం అక్కర్లేదని తెలంగాణ హైకోర్టు 2025లో తేల్చింది.

ఈ నిరీక్షణ మనిషికి ఎంత బరువు? అమెరికాలో హోమ్స్, రే అనే ఇద్దరు 1967లో జీవితంలోని 43 ఘటనలకు మార్కులు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100, విడాకులకు 73. మన దేశంలో గుర్మీత్ సింగ్ బృందం 1984లో ఇక్కడి జీవితానికి తగ్గట్టు 51 ఘటనలతో మరో జాబితా చేసింది. అందులో భాగస్వామి మరణం 95, విడిపోవడం లేదా విడాకులు 77, ఉద్యోగం పోవడం 76. కూతురి పెళ్లికి కూడా మార్కులున్నాయి, 49. పెళ్లి చేసిన తండ్రికే ఆ విలువ తెలుస్తుంది. విడాకులనీ విడిపోవడాన్నీ ఆ జాబితా ఒకే గడిలో పెట్టడం నాకు నచ్చింది.

అయితే ఏ ఇంట్లోనూ ఇవి ఒక్కొక్కటిగా రావు. గచ్చిబౌలిలో ఉద్యోగం ఊడుతుంది, ఫ్లాట్ ఈఎంఐ ఆగదు, తిట్లు మొదలవుతాయి, ఆమె పుట్టింటికొస్తుంది, పిల్లాడి స్కూల్ మారుతుంది, ఇక్కడ అమ్మమ్మకు బీపీ. చెల్లెలికి సంబంధాలు చూస్తుంటే "అక్క సంగతేంటి?" అని అవతలివాళ్లు అడుగుతారు. ఒక మనిషి కేసు ఆరుగురి టెన్షన్. మధ్యంతర భరణం దరఖాస్తును వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని 2001లో చట్టంలో చేర్చారు. దరఖాస్తు వేసిన నాటి నుంచే లెక్కగట్టి ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆలోపు ఫీజు కట్టేది తాతయ్య పెన్షన్‌లోంచే.

పిల్లల సంగతి. 92 అధ్యయనాలను కలిపి అమెరికాలో ఆమటో, కీత్ 1991లో చేసిన విశ్లేషణలో, విడిపోయిన ఇళ్ల పిల్లలు చదువులోనూ నడవడికలోనూ కాస్త వెనకబడి కనిపించారు, తేడా మాత్రం చిన్నదే. కలిసే ఉంటూ నిత్యం కొట్టుకునే తల్లిదండ్రుల పిల్లల పరిస్థితి కూడా బాగాలేదని అందులోనే తేలింది. "పిల్లల కోసమైనా సర్దుకో" అనే పెద్దలకు ఈ రెండో ముక్క ఎవరూ చెప్పరు. మన చట్టం 1956 నుంచి అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటోంది. తల్లిదండ్రులిద్దరి ప్రేమా బిడ్డ హక్కని, కలవడం కుదరనప్పుడు వీడియో కాల్ అయినా ఉండాలని 2020లో సుప్రీంకోర్టు అంది. ఆదివారం సాయంత్రం ఫోన్ మోగినప్పుడు ఆ బిడ్డ ముందు అమ్మ ముఖం చూసి, తర్వాత ఫోన్ ఎత్తుతాడు.

కొత్త జనాభా లెక్కలకు 2027 మార్చి 1 తేదీ పెట్టారు. లెక్కల మనిషి తలుపు కొట్టినప్పుడు హాల్లో కూర్చుని జవాబులు చెప్పేది ఎక్కువగా ఇంటి పెద్దాయనే. వివాహ స్థితి గడి దగ్గరికొచ్చేసరికి ఆయన ఒకసారి వంటగది వైపు చూసి, గొంతు తగ్గించి, "పెళ్లయింది, రాసుకోండి" అంటాడు.