సమ్మతి పత్రం వెనుక ఖమ్మం

కొత్త మందును, టీకాను మనుషులపై పరీక్షించే క్లినికల్ ట్రయల్‌లో చేరతారా అని డాక్టరు అడిగినప్పుడు చేతికిచ్చే సమ్మతి పత్రంలో, హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం, నామినీ పేరు, ఎప్పుడైనా వైదొలగే హక్కు వంటి అంశాలు ఉంటాయి. చేరాలా వద్దా అని తేల్చుకోవలసినవారు ఇవి ఎక్కడినుంచి వచ్చాయో తెలుసుకోవడం మంచిది. వీటి వెనుక మన ప్రాంతపు పిల్లల కథ కూడా ఉంది.

స్వచ్ఛంద సమ్మతి లేనిదే మనిషిపై ప్రయోగం చేయరాదన్న సూత్రాన్ని 1947లో నాజీ వైద్యుల కేసు తీర్పు స్పష్టం చేసింది. ప్రపంచ వైద్య సంఘం 1964లో చేసిన హెల్సింకి ప్రకటన దాన్ని వైద్యులందరి బాధ్యతగా చెప్పింది. సూత్రం అంత పాతదైనా, 2009లో ఖమ్మం జిల్లాలో అది అక్కరకు రాలేదు.

ఆ ఏడాది పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేయించింది. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు. కొందరు బాలికలు మరణించారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమయ్యే అవకాశం లేదని విచారణ సంఘం అభిప్రాయపడింది, ఆ మాటను పక్కన పెట్టకూడదు. కానీ సమ్మతి తీసుకున్న తీరును ఏ వాదనతోనూ సమర్థించలేం. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టు నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి, 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. కన్నవారికి తెలియకుండా వార్డెన్ పెట్టిన సంతకం సమ్మతి ఎలా అవుతుంది?

ఇండోర్‌కు చెందిన స్వాస్థ్య అధికార్ మంచ్ 2012లో ట్రయల్స్‌పై వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని గట్టిగా మందలించింది. ఆ ఒత్తిడితో 2013లో పరిహారం చెల్లింపు, ట్రయల్‌లో చేరినవారి హక్కులు, భద్రత కాపాడేందుకు ఉండే ఎథిక్స్ కమిటీల నమోదు, సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తీయడం తప్పనిసరి అయ్యాయి. వీడియో నిబంధనను తరువాత కొత్త రసాయన మందుల ట్రయల్స్‌లో సులభంగా ఒత్తిడికి లోనయ్యే స్థితిలో ఉన్నవారికి పరిమితం చేశారు. నా దృష్టిలో అది వెనకడుగే.

ఇప్పుడు అమలులో ఉన్నవి 2019 నిబంధనలు. తీవ్రమైన హాని జరిగితే పరిశోధకుడు 24 గంటల్లో తెలియజేయాలి. ట్రయల్ వల్లే మరణం సంభవించిందని తేలితే, వయసును, అప్పటికే ఉన్న వ్యాధి తీవ్రతను బట్టి 8 లక్షల రూపాయల మూల మొత్తంపై పరిహారం లెక్కిస్తారు. అయితే హానికి కారణం ట్రయలేనా అన్నది మొదట పరిశోధకుడు, ట్రయల్ చేయించే స్పాన్సర్ సంస్థ, ఎథిక్స్ కమిటీ పరిశీలించి నివేదించాక ఔషధ నియంత్రణాధికారి తేలుస్తారు. వాలంటీరు కుటుంబం చేతిలో ఆనాటికి ఉండే ఆధారం సమాచార పత్రం, సంతకం చేసిన సమ్మతి పత్రం నకళ్లే. వాటిని ఇవ్వడం నిబంధనల ప్రకారం తప్పనిసరి. తెలుగు చదవగలిగినవారు వాటిని తెలుగులోనే అడిగి ఇంటికి తీసుకెళ్లి చదవాలి, ఇంట్లోవారితో మాట్లాడిన తరువాతే సంతకం సంగతి చూడాలి. అందుకు వ్యవధి ఇవ్వని చోట చేరకపోవడమే మేలు.