సరూప త్రిభుజాలు: ఏ అపోహ దగ్గర లెక్క తప్పుతుంది?

సిద్ధాంతాన్ని తడుముకోకుండా ఒప్పజెప్పే పదో తరగతి పిల్లలు కూడా సరూపత (పరిమాణం ఏదైనా ఆకారం ఒకటే కావడం) లెక్కలు తప్పు చేస్తుంటారు. గుణకారాలు, భాగహారాలు సరిగానే ఉంటాయి. ఏ పొడవును ఏ పొడవుతో పోల్చాలన్నదే తేల్చుకోరు.

అపోహ: అన్ని భుజాలకూ ఒకే సంఖ్య కలిపితే ఆకారం మారదు.

3, 4, 5 సెం.మీ. భుజాలతో లంబకోణ త్రిభుజం వస్తుంది. ఒక్కో భుజానికి 2 సెం.మీ. కలిపి 5, 6, 7తో గీయించండి. పెద్ద కోణాన్ని కోణమానినితో కొలిస్తే సుమారు 78° ఉంటుంది, లంబకోణం మాయం. కలపకుండా 2తో గుణించి 6, 8, 10తో గీస్తే 90° అలాగే నిలుస్తుంది. నిష్పత్తి గుణకారానికి సంబంధించినదని నోటితో ఎన్నిసార్లు చెప్పినా పట్టుబడనిది, ఈ మూడు బొమ్మలు పక్కపక్కన గీస్తే పట్టుబడుతుంది.

అపోహ: కోణాలు సమానమైతే ఏ పటాలైనా సరూపాలే.

త్రిభుజాల వరకే ఇది నిజం. 4×6 అంగుళాల ఫొటోకీ 5×7 ఫొటోకీ నాలుగు మూలలూ 90 డిగ్రీలే. కానీ మొదటిదాని నిష్పత్తి 1.5, రెండోదానిది 1.4. అందుకే 4×6 ఫొటో 5×7 కావాలంటే అంచు కత్తిరించక తప్పదు, 8×12 అయితే ఆ అవసరం రాదు. చతురస్రాన్నీ రాంబస్‌నూ పక్కపక్కన గీసి చూస్తే భుజాల నిష్పత్తి ఒక్కటే చాలదనీ తెలుస్తుంది.

అపోహ: డీఈ, బీసీ సమాంతరాలైతే ఏడీ/డీబీ = డీఈ/బీసీ.

ఈ పాఠంలో అన్నిటికన్నా మొండి తప్పు ఇదే. త్రిభుజం ఏబీసీలో ఏబీ మీద డీ, ఏసీ మీద ఈ ఉన్నాయి. ఏడీ = 2, డీబీ = 3, బీసీ = 10 సెం.మీ. డీఈ ఎంత? చాలామంది 2/3 రాసి 6.67 తెస్తారు. సరైన జవాబు 4.

థేల్స్ సిద్ధాంతం చెప్పేది ఏడీ/డీబీ = ఏఈ/ఈసీ అని మాత్రమే. సమాంతర భుజాల ఊసు అందులో లేదు. డీఈ కావాలంటే చిన్న త్రిభుజం ఏడీఈనీ పెద్ద త్రిభుజం ఏబీసీనీ పోల్చాలి. డీబీ ఈ రెంటిలో దేనికీ పూర్తి భుజం కాదు, ఏబీలో ఒక ముక్క. కాబట్టి ఏడీ/ఏబీ = 2/5, డీఈ = 10 × 2/5 = 4.

వీధి దీపం లెక్కలో దెబ్బతీసేదీ ఇదే తప్పు. దీపం ఎత్తు 6 మీ., మనిషి ఎత్తు 1.5 మీ., స్తంభానికి 9 మీ. దూరంలో నిలబడ్డాడు. నీడ పొడవు x అనుకుంటే x/9 = 1.5/6 అని రాసి 2.25 అనేస్తారు. పెద్ద త్రిభుజం భూమి 9 కాదు, నీడతో కలిపి x + 9. అప్పుడు 4x = x + 9, నీడ 3 మీ. మందు ఒక్కటే: రెండు త్రిభుజాలనూ విడివిడిగా పక్కన గీసి, పూర్తి భుజాల కొలతలు వేశాకే నిష్పత్తి రాయించాలి.

అపోహ: రెండు భుజాల నిష్పత్తి, ఏదో ఒక కోణం కలిస్తే చాలు.

ఆ కోణం ఆ రెండు భుజాల మధ్యదై ఉండాలి. ఏబీ = 10, బీసీ = 6, కోణం ఏ = 30° తీసుకుని వృత్తలేఖినితో గీయండి. చాపం కిరణాన్ని రెండు చోట్ల ఖండించి, ఆకారం వేరైన రెండు త్రిభుజాలు వస్తాయి.

అపోహ: శీర్షాలను ఏ వరుసలో రాసినా ఒకటే.

కాదు. బీ వద్ద లంబకోణం ఉండి, బీ నుంచి కర్ణం ఏసీకి లంబం బీడీ గీస్తే ఏబీసీకి సరూపం ఏడీబీ. ఈ వరుసలో రాస్తే ఏబీ/ఏడీ = ఏసీ/ఏబీ అని బొమ్మ చూడకుండానే రాయొచ్చు. ఏబీడీ అని రాస్తే లంబకోణానికి జతగా లఘుకోణం వచ్చి కూర్చుంటుంది.

అపోహ: భుజాలు రెట్టింపైతే వైశాల్యమూ రెట్టింపే.

చుట్టుకొలత రెట్టింపవుతుంది, వైశాల్యం నాలుగింతలవుతుంది. వైశాల్యాలు 16:25 అని ఇస్తే భుజాలు 4:5. భూపటాల్లోనూ అంతే: 1:50,000 స్కేలులో 1 సెం.మీ. అంటే అర కిలోమీటరు. అదే పటంలో 1 చదరపు సెం.మీ. చెరువు విస్తీర్ణం అర చదరపు కిలోమీటరు కాదు, 0.25 చదరపు కిలోమీటరు.