చెయ్యి దూరని చోట బోల్టు

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్లో మీరిద్దరూ అడిగారు గుర్తుందా, "అరచేతిలో పట్టేంత రబ్బరు బుష్ మార్చడానికి రోజంతా ఎందుకు పట్టింది తాతయ్యా?" అని. ఫోన్లో చెబితే సగమే అర్థమవుతుందని ఉత్తరం రాస్తున్నాను. పక్కన కాగితం పెట్టుకుని బొమ్మ గీసుకుంటూ చదవండి.

కారు ముందు చక్రాన్ని మోసేది నకుల్ అనే ఇనుప ముద్ద. దాన్ని పైనుంచి స్ట్రట్ పట్టుకుంటుంది. స్ట్రట్ అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకటిగా చేరిన నిలువు స్తంభం. కిందనుంచి లోయర్ ఆర్మ్ పట్టుకుంటుంది. ఆర్మ్ బయటి చివర బాల్ జాయింటుతో, అంటే అన్ని వైపులకూ తిరిగే గుండు కీలుతో నకుల్‌కీ, లోపలి చివర రెండు రబ్బరు బుష్‌లతో సబ్‌ఫ్రేమ్‌కీ బిగిసి ఉంటుంది. బుష్ అంటే బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు. సబ్‌ఫ్రేమ్ అంటే ఇంజన్ కింద అడ్డంగా ఉండే బలమైన చట్రం. మలుపుల్లో కారు ఒక పక్కకు ఒరగకుండా రెండు చక్రాలనూ కలుపుతూ స్టెబిలైజర్ బార్ ఉంటుంది. ఈ స్ట్రట్ పద్ధతిని మెక్‌ఫెర్సన్ అనే ఇంజనీరు 1940లలో రూపొందించాడు. చోటు తక్కువ తీసుకుంటుంది కాబట్టి చాలా చిన్న కార్లకు పాకింది. 1959లో వచ్చిన మినీ కారులో ఇంజన్‌ని అడ్డంగా పెట్టి దాని బలంతో ముందు చక్రాలను తిప్పించారు. తర్వాత ఎన్నో కార్లు అదే బాట పట్టాయి. లోపల కూర్చునేవాళ్లకు చోటు పెరిగింది, బానెట్ కింద చెయ్యి పెట్టేవాడికి తగ్గిపోయింది.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. ఫ్యాక్టరీలో ఆర్మ్‌ని సబ్‌ఫ్రేమ్‌కి కలిపే బోల్టు బిగించినవాడికి అది అందని చోటే కాదు. చాలా కార్లకు ఇంజన్, గేర్‌బాక్స్, సబ్‌ఫ్రేమ్, ఆర్మ్‌లు అన్నీ ముందే ఒక బల్ల మీద కలిపి బిగిస్తారు. చుట్టూ ఖాళీ, ఏ వైపునుంచైనా పానా పడుతుంది. తర్వాత ఆ మొత్తాన్ని కిందనుంచి లేపి కారు బాడీకి కలుపుతారు. అప్పుడు పైన బాడీ, వెనక స్టీరింగ్ ర్యాక్ (ముందు చక్రాలను పక్కకు తిప్పే కడ్డీ), పక్కన గేర్‌బాక్స్ వచ్చి ఆ బోల్టును కప్పేస్తాయి. కాబట్టి అందని బోల్టు ఎదురైతే వాళ్లు వచ్చిన దారినే వెనక్కి కొంచెం నడవాలి.

మన కారులో పోయింది ఆర్మ్ వెనక బుష్. దాని బోల్టు తేలిగ్గానే వచ్చింది. ముందు బోల్టు మాత్రం సగం బయటికి వచ్చి గేర్‌బాక్స్‌కి తగిలి ఆగిపోయింది. అది రాకపోతే ఆర్మ్ రాదు. అక్కడ చాలామంది బోల్టును కోసేస్తారు, లేదా వంచి లాగుతారు. నాకు ఆ పని అస్సలు నచ్చదు. ఇంజన్ కింద జాకీకి చెక్క అడ్డం పెట్టి బరువు మోయించి, ఇంజన్‌ని పట్టుకుని ఉండే ఒక మౌంటు విప్పి, ఇంజన్‌ని కాస్త పైకెత్తాను. బోల్టు దానంతటదే జారి వచ్చింది. ఆ కాస్త ఖాళీ కోసమే మధ్యాహ్నం దాకా పట్టింది.

స్టెబిలైజర్ బార్ బుష్‌లు కొన్ని కార్లలో ఇంకా కష్టం. అవి సబ్‌ఫ్రేమ్ నెత్తిన, ర్యాక్ వెనక దాక్కుంటాయి. కంటికి కనబడవు, వేళ్లతో తడిమి పట్టుకోవాలి. అప్పుడు సబ్‌ఫ్రేమ్‌నే రెండు మూడు అంగుళాలు కిందికి దించాల్సి రావచ్చు. దించే ముందు అది ఎక్కడ కూర్చుందో చుట్టూ గీత గీసుకోవాలి, లేకపోతే తిరిగి బిగించాక చక్రాలు వంకరగా నిలుస్తాయి. స్టీరింగ్ జాయింటు విప్పితే స్టీరింగ్ వీల్ తిరగకుండా కట్టెయ్యాలి. అది ఇష్టమొచ్చినట్టు తిరిగితే లోపల ఎయిర్‌బ్యాగ్‌కి వెళ్లే తీగ చుట్ట తెగుతుంది.

తుప్పు పట్టిన నట్టు మీద ముందురోజు రాత్రే నూనె చల్లి ఉంచండి. ఆ నూనె రబ్బరుకు తగలనివ్వొద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. స్టెబిలైజర్ బార్ చివర ఉండే లింకు కడ్డీ విప్పేటప్పుడు రెండు ముందు చక్రాలూ సమానంగా పైకి లేపాలి. ఒక్క చక్రమే లేపితే బార్ మెలితిరిగి లింకును గట్టిగా లాగి పట్టుకుంటుంది. బాల్ జాయింటు రాకపోతే దాని మరల (థ్రెడ్ల) మీద కొట్టకూడదు. నట్టును రెండు చుట్లు మిగిల్చి, నకుల్ కన్నం పక్కన సుత్తితో గట్టిగా ఒకటి రెండు దెబ్బలు వేస్తే కన్నం అదిరి జాయింటు వదులుతుంది. బ్రేక్ క్యాలిపర్‌ని, అంటే బ్రేక్ పళ్లేన్ని నొక్కి పట్టే భాగాన్ని, దాని గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టండి.

ఇక రెండు విషయాల్లో నేను ఎవరి మాటా వినను. ఉత్త జాకీ మీద ఆగిన కారు కిందికి తల పెట్టకూడదు. స్టాండ్లు ఉండాలి, వెనక చక్రాలకు అడ్డు ఉండాలి. రెండోది, స్ట్రట్ నెత్తిన ఉండే నడిమి నట్టు. కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. దాన్ని స్ప్రింగు కంప్రెసర్ అనే నొక్కిపట్టే పనిముట్టుతో బిగించకుండా ఆ నట్టు విప్పితే స్ప్రింగు తుపాకీ గుండులా లేస్తుంది. మీరు పెద్దయ్యి పని నేర్చుకున్నా, ఆ పని పక్కన తెలిసినవాళ్లు లేకుండా చెయ్యొద్దు.

చివరికి బిగింపు. కుర్రతనంలో నేను కొత్త బుష్ వేసి, చక్రం గాల్లో వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించేశాను. కొన్ని నెలలకే రబ్బరు చిరిగి, అదే టకటక శబ్దం మళ్లీ వచ్చింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. బుష్‌లో లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒకటి, మధ్యలో రెంటికీ అతుక్కుపోయిన రబ్బరు ఉంటాయి. ఆర్మ్ పైకీ కిందికీ ఆడేటప్పుడు రబ్బరు జారదు, మెలి తిరుగుతుంది. బోల్టు బిగించామంటే లోపలి గొట్టం అక్కడే ఆగిపోతుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, కారు కిందికి దిగగానే రబ్బరు పిండిన తడిగుడ్డలా మెలిపడి, కారు నిలబడి ఉన్నంతసేపూ అలాగే ఉంటుంది. అందుకే ముందు వదులుగా తగిలించి, కారు బరువు చక్రాల మీదికి వచ్చాక, లేదా ఆర్మ్‌ని జాకీతో ఆ ఎత్తుకు లేపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బలంతో బిగించామో కొలిచే పానాతో బిగించాలి. ఈసారి సాయంత్రం ఆలస్యం అయింది దానికోసమే. పొడుగు ఎక్స్‌టెన్షన్ వేసి, పక్కకు పడుకుని బిగించాను. మరునాడు వీల్ అలైన్‌మెంట్ కూడా చూపించాను.

ఇప్పుడు కారు గుంటలో దిగినా చప్పుడు లేదు. పాత బుష్ పారెయ్యలేదు, కడిగి కిటికీలో పెట్టాను. రబ్బరు ఎక్కడ మొదలై ఎటు చీలిందో గీత స్పష్టంగా కనబడుతోంది. సెలవులకు వచ్చినప్పుడు చేతిలోకి తీసుకుని చూద్దురుగాని.

మీ
తాతయ్య