వేల్స్ అధికారాల పేచీ: పొలం పనివాళ్ల జీతాల తీర్పుతో మొదలైన కథ

పోలీసు, నేర వ్యవహారాల కమిషనర్ల పదవులను 2028 మేలో రద్దు చేస్తామని లండన్ ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించినప్పటి నుంచి వేల్స్‌లో ఒక పాత పేచీ మళ్లీ రాజుకుంది. ఇంగ్లాండ్‌లో ఆ కమిషనర్ల బాధ్యతలు మేయర్లకో, స్థానిక కౌన్సిళ్ల నాయకులకో దఖలు పడతాయి. ఆ తరహా మేయర్లు లేని వేల్స్‌లో నాలుగు పోలీసు దళాల మీద అజమాయిషీ ఎవరిది కావాలన్నదే ప్రశ్న. కార్డిఫ్‌లోని తమ చట్టసభ సెనెడ్‌కే ఆ అధికారం దక్కాలని అక్కడి లేబర్ నాయకులు, వేల్స్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రీ నాయకులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. లండన్‌లోని మంత్రులు, వాళ్లు కన్జర్వేటివ్‌లైనా లేబర్ వాళ్లైనా, అందుకు ససేమిరా అంటున్నారు. తీరం వెంబడి సముద్రగర్భం మీద వచ్చే అద్దెలు, రైల్వే నిధుల్లో వాటా కూడా ఇదే వివాదంలో నలుగుతున్నాయి.

శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలో ఉండడం సహజమనుకునే మన పాఠకులకు ఇది విడ్డూరంగానే తోస్తుంది. వేల్స్‌కు సొంత చట్టసభ ఉంది, మంత్రివర్గం ఉంది, ఆదాయపు పన్ను రేటులో కొంత భాగాన్ని నిర్ణయించుకునే వీలు కూడా 2019 నుంచి ఉంది. పోలీసు స్టేషన్ మీద, కోర్టు మీద, జైలు మీద మాత్రం హక్కు లేదు. అదే దేశంలో భాగాలైన స్కాట్లాండ్‌కు, ఉత్తర ఐర్లాండ్‌కు ఆ హక్కులన్నీ ఉన్నాయి.

ఈ చరిత్రను సాధారణంగా రెండు రిఫరెండాలతో మొదలుపెడతారు. 1979లో ప్రతి అయిదుగురిలో నలుగురు స్వపాలన వద్దన్నారు. 1997 సెప్టెంబరు 18న 6,721 ఓట్ల తేడాతో, అంటే అర శాతమంత మెజారిటీతో, సరేనన్నారు. ఆ కథ చాలామందికి తెలిసినదే. అయితే ఇప్పటి పేచీ మూలాలు అక్కడ దొరకవు. 2014 జులై 9న సుప్రీంకోర్టు పొలం పనివాళ్ల జీతాల మీద ఇచ్చిన తీర్పులోనూ, అంతకుమించి ఆ తీర్పు చూసి లండన్ శాఖలు స్పందించిన తీరులోనూ అవి ఉన్నాయి.

వ్యవసాయ కార్మికుల కనీస వేతనాలను, వసతికి పట్టుకునే సొమ్మును, సెలవులను నిర్ణయించేందుకు ఇంగ్లాండ్, వేల్స్ రెండింటికీ కలిపి ఒక వేతన మండలి ఉండేది. దాని అధికారాలు 1948 నాటి చట్టం నుంచి వచ్చాయి. డేవిడ్ కామెరాన్ నాయకత్వంలోని సంకీర్ణ ప్రభుత్వం దానిని ఎత్తివేయాలనుకుంది. 2011 నాటి చట్టం కింద అలా ఎత్తివేయాలంటే వేల్స్ మంత్రుల సమ్మతి కావాలి. కార్డిఫ్ సమ్మతించలేదు. అప్పుడు లండన్ దారి మార్చి, 2013లో వ్యాపార సంస్కరణలకు సంబంధించిన మరో చట్టంలో ఈ రద్దును చేర్చి పని కానిచ్చుకుంది. వేల్స్ మొదటి మంత్రి కార్విన్ జోన్స్ ప్రభుత్వం వెంటనే అత్యవసర బిల్లు పెట్టి, ఆ జులైలోనే కొద్ది రోజుల్లో ఆమోదింపజేసుకుని, వేల్స్ వరకు వేతన రక్షణను నిలబెట్టింది. ఇది వేల్స్ అసెంబ్లీ (ఇప్పటి సెనెడ్‌కు అప్పటి పేరు) అధికార పరిధిలోనిది కాదంటూ లండన్ ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ డొమినిక్ గ్రీవ్ బిల్లును సుప్రీంకోర్టుకు పంపారు.

అప్పటికి వేల్స్ అధికారాల ఏర్పాటు ఇప్పటిలా లేదు. 2006 నాటి చట్టంలో, 2011 మార్చి రిఫరెండంలో 63.5 శాతం మంది ఆమోదించాక అమల్లోకి వచ్చిన పద్ధతి ప్రకారం, అసెంబ్లీ చట్టాలు చేయదగిన 20 విషయాలను రాసి ఉంచారు. వ్యవసాయం అందులో ఒకటి. ఉద్యోగ, కార్మిక సంబంధాలు అందులో లేవు. అసెంబ్లీ ముట్టరాదన్న మినహాయింపుల్లోనూ లేవు. వాటి విషయంలో చట్టం నోరు మెదపలేదు. జీతాలన్నవి కార్మిక సంబంధాలే కాబట్టి వేల్స్‌కు సంబంధం లేదని లండన్ వాదించింది. పొలం పనివాళ్ల జీతం వ్యవసాయంలో భాగమేనని కార్డిఫ్ వాదించింది. అయిదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా కార్డిఫ్ వాదనను అంగీకరించారు. బిల్లు నిజంగా వ్యవసాయానికి సంబంధించినదైతే చాలని, దానిని మరో పేరుతో కూడా పిలవవచ్చునన్న కారణంగా అది చెల్లకుండా పోదని తేల్చారు. తీర్పు రాసిన ఇద్దరిలో ఒకరు వేల్స్‌కే చెందిన లార్డ్ థామస్. ఆయన పేరు ఈ కథలో మరోసారి వస్తుంది.

లండన్ అధికారులకు కలవరం పుట్టించింది పొలం పనివాళ్ల జీతాలు కావు. చట్టం మౌనంగా ఉన్న ప్రతి చోటా, 20 విషయాల్లో ఏదో ఒకదానితో ముడిపెట్టగలిగితే, వేల్స్ ముందుకు రావచ్చునన్న మాట. ఆరోగ్యం, స్థానిక పాలన, విద్య ఆ జాబితాలోనే ఉన్నాయి కాబట్టి ఆసుపత్రుల్లో, కౌన్సిళ్లలో, బడుల్లో పనిచేసే వాళ్ల సంఘాల హక్కుల దాకా అది పోగలదు. ఆ భయం నిరాధారమేమీ కాదు. 2016లో లండన్ తెచ్చిన కార్మిక సంఘాల చట్టంలో సమ్మె ఓటింగుపై పెట్టిన కొత్త ఆంక్షలు వేల్స్ ప్రభుత్వ సేవలకు వర్తించవంటూ కార్డిఫ్ 2017లో ఒక చట్టం చేసింది. నిబంధనలు మారేలోగానే దానిని ఆమోదించి దక్కించుకుంది.

ఆ నిబంధనల మార్పులోనే అసలు మలుపు ఉంది. పాల్ సిల్క్ అధ్యక్షతన పనిచేసిన కమిషన్ 2014 మార్చిలో, అంటే ఈ తీర్పుకు నాలుగు నెలల ముందే, పద్ధతిని తిరగవేయాలని సూచించింది. వేల్స్ ఏమేం చేయవచ్చునో రాసే బదులు లండన్ ఏమేం అట్టిపెట్టుకుంటుందో రాయాలి, రాయనివన్నీ వేల్స్‌వి కావాలి. స్కాట్లాండ్‌కు 1998 నాటి చట్టం ఇచ్చినది ఇదే. వినడానికి ఇది వేల్స్ చేతికి మరింత అధికారం ఇచ్చే మార్పు. పోలీసు వ్యవస్థను, బాల నేరస్థుల న్యాయాన్ని కూడా వేల్స్‌కు ఇవ్వాలని అదే కమిషన్ సిఫారసు చేసింది. ఆ ఏడాది సెప్టెంబరులో స్కాట్లాండ్ స్వాతంత్ర్య రిఫరెండంలో దాదాపు 45 శాతం మంది విడిపోతామని ఓటేయడంతో అధికార బదిలీ మీద లండన్‌కు హఠాత్తుగా తొందర పుట్టింది. ఆ తొందరంతా స్కాట్లాండ్ గురించే. వేల్స్ విషయంలో మాత్రం, వెస్ట్‌మిన్‌స్టర్‌లోని, అంటే లండన్ పార్లమెంటులోని, పార్టీలన్నీ ఒప్పుకున్నవే ముందుకు తీసుకెళ్తామని వేల్స్ వ్యవహారాల మంత్రి స్టీఫెన్ క్రాబ్ 2015 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఏ ఒక్క పార్టీ కాదన్నా విషయం పక్కకు పోయినట్టే. పోలీసు శాఖ అలాగే పక్కకు పోయింది.

2015 అక్టోబరులో వెలువడిన ముసాయిదా బిల్లును చూస్తే తీర్పు వల్ల కలిగిన కలవరం ఎంతటిదో తెలుస్తుంది. మీరు దేనిని వదులుకోగలరని శాఖలను అడగాల్సిన చోట, దేనిని అట్టిపెట్టుకోవాలనుకుంటున్నారని అడిగినట్టుగా జాబితా పెరిగిపోయింది. అంతేగాక ఇంగ్లాండ్, వేల్స్ ఉమ్మడి న్యాయవ్యవస్థలోని చట్టాన్ని వేల్స్ మార్చాలంటే ఆ మార్పు "అవసరం" అని రుజువు చేసుకోవాలన్న పరీక్షలు కూడా పెట్టారు. తమ చట్టాలకు ఇంగ్లాండ్ అనుమతి తెచ్చుకోవాల్సిన దుస్థితి ఇదని కార్విన్ జోన్స్ మండిపడ్డారు. రాజ్యాంగ నిపుణులూ పెదవి విరిచారు. వేల్స్ వ్యవహారాల పార్లమెంటరీ కమిటీ, అందులో కన్జర్వేటివ్ సభ్యులూ ఉన్నారు, బిల్లును కాస్త ఆపమంది. క్రాబ్ 2016 ఫిబ్రవరి చివర్లో ఆపారు, కొద్ది రోజులకే వేరే శాఖకు మారారు. ఆయన స్థానంలో వచ్చిన ఆలన్ కెయిర్న్స్ జూన్‌లో సవరించిన బిల్లును ప్రవేశపెట్టారు. అవసరం పరీక్షలను పలుచన చేశారు గానీ, జాబితా దాదాపు 200 అంశాలతో నిలిచే ఉంది.

ఆ జాబితాను చదువుతుంటే విదేశాంగం, రక్షణ, కరెన్సీ వంటివి ఎవరికైనా అర్థమవుతాయి. వాటి పక్కనే ప్రమాదకరమైన కుక్కలు, కుక్కలతో వేట, మద్యం అమ్మకాలు, రాత్రి పొద్దుపోయాక అమ్మే టీ, తిండి పదార్థాల లైసెన్సులు కూడా కనిపిస్తాయి. ఉద్యోగ, కార్మిక సంబంధాలు ఈసారి స్పష్టంగా లండన్ ఖాతాలోకి వెళ్లాయి. అక్కడే ఒక చిన్న మినహాయింపు రాశారు: 2014 నాటి వేల్స్ వ్యవసాయ చట్టం పరిధిలోని విషయాలు తప్ప. సుప్రీంకోర్టులో గెలిచినదాన్ని వేల్స్‌కు వదిలేసి, దాని వెనుక తెరుచుకున్న తలుపును మూసేశారు. పొలం పనివాళ్ల జీతాలకు వేల్స్ ఈనాటికీ ఏటా సొంత ఉత్తర్వు ఇచ్చుకుంటోంది. ఇంగ్లాండ్‌లో అలాంటి ఉత్తర్వు లేదు.

మరి కార్డిఫ్ దీనికి ఎందుకు ఒప్పుకుంది? 2017 జనవరి 17న అసెంబ్లీ సమ్మతి తీర్మానాన్ని ఆమోదించింది. లేబర్ ప్రభుత్వం అనుకూలంగా ఓటు వేయించింది, ప్లైడ్ కమ్రీ వ్యతిరేకించింది. లండన్ వాదులు ఈ ఓటును తరచూ గుర్తుచేస్తుంటారు, అది న్యాయమే. అయితే ఆ సమ్మతికి నెల ముందు, 2016 డిసెంబరులో, నిధుల ఒప్పందం ఒకటి కుదిరింది. ఇంగ్లాండ్‌లో ఖర్చు పెరిగినప్పుడల్లా వేల్స్‌కు జనాభా ప్రాతిపదికన వాటా ఇచ్చే బార్నెట్ సూత్రానికి, వేల్స్ అవసరాలను లెక్కలోకి తీసుకుంటూ అదనపు గుణకాన్ని జోడించే ఒప్పందం అది. మొదట 105 శాతం, కాలక్రమంలో 115 శాతం. ఏళ్లుగా కార్డిఫ్ అడుగుతున్నది అదే. పైగా కొత్త చట్టంలో వేగ పరిమితులు, 350 మెగావాట్ల దాకా విద్యుత్ ప్రాజెక్టుల అనుమతులు, తమ ఎన్నికల విధానాన్ని తామే నిర్ణయించుకునే అధికారం ఉన్నాయి. నివాస వీధుల్లో గంటకు 20 మైళ్ల వేగ పరిమితిని 2023 సెప్టెంబరులో తెచ్చి తిట్లు తిన్నా, సభ్యుల సంఖ్యను 2026 మే ఎన్నికల నుంచి 60 నుంచి 96కు పెంచినా, అధికారం ఈ చట్టం నుంచి వచ్చిందే. చేతికందినది పుచ్చుకోవడమా, మొత్తం కాదనుకోవడమా అన్న చోట కార్విన్ జోన్స్ పుచ్చుకున్నారు. ఆ చట్టం 2018 ఏప్రిల్ 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది.

ఇదే సమయంలో స్కాట్లాండ్‌కు ఏం దక్కిందో చూస్తే వేల్స్ ఉక్రోషం అర్థమవుతుంది. రాజవంశం పేరిట ఉన్న భూములను, తీరాన్ని, సముద్రగర్భాన్ని నిర్వహించే క్రౌన్ ఎస్టేట్‌లో స్కాట్లాండ్ భాగం నిర్వహణ, ఆదాయం రెండూ 2017 ఏప్రిల్ 1న ఎడిన్‌బరాకు బదిలీ అయ్యాయి. వేల్స్ చట్టానికి రాజముద్ర పడి అప్పటికి రెండు నెలలే. వేల్స్ భాగం మాత్రం లండన్ చేతిలోనే ఉండిపోయింది. తేలియాడే గాలిమరలతో 4.5 గిగావాట్ల విద్యుత్ కోసం సెల్టిక్ సముద్రంలో సముద్రగర్భాన్ని కౌలుకిచ్చే ప్రక్రియ మొదలయ్యాక ఆ తేడా విలువ ఎంతో అందరికీ తెలిసొచ్చింది. 350 మెగావాట్లు దాటిన ప్రాజెక్టులకు అనుమతీ లండన్‌దే, అద్దే లండన్ ఖజానాదే. గ్వినెడ్ కౌన్సిల్ తన సొంత ప్రాంతంలోని బీచ్‌లు, తీర స్థలాల వాడకానికి క్రౌన్ ఎస్టేట్‌కు 2023లో లక్షన్నర పౌండ్లకు పైగా చెల్లించింది. 2025 నాటికి వేల్స్‌లోని 22 కౌన్సిళ్లూ బదిలీని కోరుతూ తీర్మానాలు చేశాయి. మార్కెట్ ముక్కలైతే పెట్టుబడులు బెదిరిపోతాయని లండన్ జవాబు. స్కాట్లాండ్‌లో ముక్కలైన మార్కెట్‌లోనూ పెట్టుబడులు వస్తూనే ఉన్నాయన్నది కార్డిఫ్ ఎదురు ప్రశ్న. దానికి నేరుగా జవాబు రాలేదు.

రైల్వే విషయంలోనూ వరస ఇదే. పట్టాల వ్యవస్థ లండన్ చేతిలో ఉంది కాబట్టి, వేల్స్‌లో ఒక్క మైలు కూడా వేయని హెచ్ఎస్2 హైస్పీడ్ మార్గాన్ని "ఇంగ్లాండ్, వేల్స్ ప్రాజెక్టు" కింద లెక్కగట్టారు. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లకు దాని ఖర్చుకు దామాషాగా వాటా దక్కింది, వేల్స్‌కు దక్కలేదు. 2025 జూన్‌లో వేల్స్ రైల్వేలకు పదేళ్లలో 44.5 కోట్ల పౌండ్లు ఇస్తామని లండన్ ప్రకటించింది. అది వాటా కింద ఇచ్చినది కాదు, విడిగా ఇచ్చిన కేటాయింపు. కాబట్టి తదుపరి ప్రాజెక్టుకు అది ఉదాహరణగా నిలవదు.

మళ్లీ పోలీసుల దగ్గరికి వస్తే, 2014 తీర్పు రాసినవారిలో ఒకరైన లార్డ్ థామస్, ఆ తర్వాత ఇంగ్లాండ్, వేల్స్ ప్రధాన న్యాయమూర్తి పదవి నుంచి దిగిపోయి, వేల్స్ న్యాయవ్యవస్థ మీద కార్డిఫ్ వేసిన కమిషన్‌కు అధ్యక్షత వహించారు. పోలీసు, కోర్టులు, జైళ్లు అన్నీ వేల్స్‌కు ఇవ్వాలని 2019 అక్టోబరులో ఆ కమిషన్ ఏకగ్రీవంగా సిఫారసు చేసింది. వేల్స్‌లో న్యాయానికి ఖర్చయ్యే డబ్బులో దాదాపు 40 శాతం ఇప్పటికే వేల్స్ నుంచే వస్తోందని, అయినా విధానం మీద వేల్స్‌కు మాట చెల్లడం లేదని అది చూపింది. కాంటర్‌బరీ మాజీ ఆర్చ్‌బిషప్ రోవన్ విలియమ్స్, ప్రొఫెసర్ లారా మెక్‌ఆలిస్టర్ సంయుక్తంగా నడిపిన రాజ్యాంగ కమిషన్ 2024 జనవరిలో పోలీసు, న్యాయం, రైల్వేల గురించి దాదాపు అదే చెప్పింది.

లండన్ పక్షం వాదన కూడా ఉంది. వేల్స్ జనంలో ఎక్కువ మంది సరిహద్దుకు దగ్గర్లోనే ఉంటారు, నేరాలు, నేరస్థులు, రైళ్లు ఆ సరిహద్దును లెక్కచేయవు, కోర్టులు ఉమ్మడిగా ఉన్నప్పుడు పోలీసులను విడదీస్తే పని రెట్టింపవుతుంది. ఈ వాదనలో బలం లేకపోలేదు. అయితే దీనిని వినిపించే లేబర్ మంత్రులకు వేల్స్‌లోని సొంత పార్టీ నుంచే ఎదురుగాలి వీస్తోంది. 2024 ఎన్నికల ప్రణాళికలో బాల నేరస్థుల న్యాయం, ప్రొబేషన్ సేవల బదిలీని పరిశీలిస్తామన్న మాట వరకే వారు ముందుకొచ్చారు.

విశేషమేమిటంటే దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2006 నాటి చట్టంలోని 109వ సెక్షన్ కింద, పార్లమెంటు ఉభయసభలూ సెనెడూ ఆమోదిస్తే, ఆ జాబితాలోని ఏ అంశాన్నైనా ఒక ఉత్తర్వుతో తొలగించవచ్చు. ఆ ఉత్తర్వు ముసాయిదాను ముందుగా పార్లమెంటులో ఉంచాల్సింది మాత్రం లండన్ మంత్రులే.