రహస్యాలు దాచడం ఎవరికి బాగా తెలుసు?

1953 ఏప్రిల్ 27న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 10450 నంబరు ఉత్తర్వుపై సంతకం చేశారు. ప్రభుత్వ కొలువుకు ఎవరు తగరో చెప్పే ఆ జాబితాలో తాగుడు, మత్తుమందుల అలవాట్ల సరసన ‘లైంగిక వక్రత’ అనే మాట చేరింది. స్వలింగ ప్రేమికుల గుట్టు పట్టుకుని శత్రుదేశాల గూఢచారులు వాళ్లను లొంగదీసుకుంటారన్నది సర్కారు వాదన. గుట్టు బయటపడితే ఉద్యోగం ఊడబెరికేదీ తానే, ఆ భయంతో లొంగిపోతారని శంకించేదీ తానే! వేలమంది ఉద్యోగాలు పోయాయి. 1957లో కొలువు పోగొట్టుకున్న ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ కామెనీ మాత్రం ఊరుకోలేదు. 1965లో గుప్పెడు మందితో శ్వేతసౌధం ముందు ప్లకార్డులు పట్టి నిలబడ్డారు.

ఆ మరుసటి ఏడాదే ఒక చవక పేపర్‌బ్యాక్ నవల ఈ వాదనను బోర్లా తిప్పింది. పేరు ‘ద మ్యాన్ ఫ్రమ్ సి.ఎ.ఎం.పి.’. అప్పట్లో అమెరికా టీవీలో ఊపుమీదున్న ‘ద మ్యాన్ ఫ్రమ్ అంకుల్’ అనే గూఢచారి ధారావాహికకు అది పేరడీ. ఆ సి.ఎ.ఎం.పి. అక్షరాలను కలిపి చదివితే ‘క్యాంపు’. క్యాంపు అనగానే మనకు అధికారుల పర్యటనలో, రిసార్టుల్లో దాచిన ఎమ్మెల్యేలో గుర్తొస్తారు. అక్కడ ఆ మాటకు గే సమాజంలో వేరే అర్థం ఉంది: కావాలని అతిగా పోయే సొగసు, వెటకారం.

కథానాయకుడు జాకీ హోమ్స్ అందగాడు, నాజూకైనవాడు, గే. అతడి వెంట సోఫీ అనే తెల్లటి పూడిల్ కుక్క ఉంటుంది. చూడ్డానికి ఉన్నిబంతి, పళ్లు మాత్రం బ్లేడు పదును. బాండ్ దగ్గరుండే తుపాకీ కన్నా నాకు ఈ కుక్కే నచ్చింది.

అట్ట మీద రచయితగా ఉన్న డాన్ హాలిడే ఏ ఒక్కరి పేరూ కాదు. ఆ ప్రచురణ సంస్థ తన రచయితలకు తగిలించే ఉమ్మడి మారుపేరు. దాని వెనుక ఉన్నది విక్టర్ బానిస్. అంతకుముందు రాసిన నవల కారణంగా అయోవా రాష్ట్రంలో అశ్లీలత కేసులో ఇరుక్కుని బయటపడిన మనిషి. గే పాఠకులు డబ్బు పెట్టి పుస్తకాలు కొంటారని శాన్ డియేగోలోని గ్రీన్‌లీఫ్ సంస్థ సంపాదకుడు ఎర్ల్ కెంప్‌ను నమ్మించి 1966లో అక్కడ చేరారు. ఆ లెక్క తప్పలేదు. 1968 నాటికి జాకీ నవలలు తొమ్మిదయ్యాయి.

ఇందులో కొత్త ఏమిటో తెలియాలంటే అంతకుముందు సంగతి చూడాలి. 1952లో ‘స్ప్రింగ్ ఫైర్’ అనే లెస్బియన్ నవల రాసిన రచయిత్రికి ప్రచురణకర్త పెట్టిన షరతు, ముగింపు సుఖాంతం కాకూడదు. సుఖాంతమైతే అశ్లీలమంటూ తపాలా శాఖ పుస్తకాలను పట్టుకుంటుందని భయం. అందుకే ఇలాంటి కథల్లో పాత్రలు పిచ్చెక్కో, చచ్చో, ‘దారికొచ్చో’ ముగిసేవి. 1958లో ‘వన్’ అనే గే పత్రిక సుప్రీంకోర్టులో తపాలా శాఖపై గెలిచాక దారి కాస్త తెరుచుకుంది. జాకీ హోమ్స్ చావడు, ఏడవడు, మారడు. విలన్లను మట్టి కరిపించి తన ప్రేమ వ్యవహారాలు తాను చూసుకుంటాడు. ఇవి గొప్ప సాహిత్యమేమీ కాదు, హడావిడిగా రాసిన చవక పుస్తకాలే. అయినా చిన్నప్పటి నుంచి ఇంట్లో, బడిలో, ఆఫీసులో వేషం మార్చుకుని బతకడం నేర్చినవాడి కంటే గూఢచారిగా ఎవరు పనికొస్తారని అడిగినట్టుంటుంది. గే పాత్రను విలన్ కొలువులోనే ఉంచిన బాండ్ నవలలకు అంతకన్నా చురక ఏముంటుంది?

గూఢచారి గాలి అప్పుడు లోకమంతా వీచింది. 1966లోనే మన తెర మీద కృష్ణ గూఢచారి అయ్యారు.

ప్రభుత్వ ఉద్యోగాల్లో నిషేధం 1975లో సడలింది. రహస్య పత్రాలు చూసే అనుమతి విషయంలో వివక్ష వద్దని ఉత్తర్వు రావడానికి 1995 దాకా పట్టింది. 2009లో ప్రభుత్వం కామెనీకి క్షమాపణ లేఖ ఇచ్చింది. దాని మీద సంతకం చేసిన సిబ్బంది శాఖాధిపతి జాన్ బెర్రీ కూడా గే. ‘క్షమాపణ అంగీకరించాను’ అన్నారు కామెనీ. అప్పటికి ఆయన వయసు 84.