కప్పు ఎవరిదని అడిగిన పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. మీ బ్యాడ్మింటన్ లీగులో ఆరు జట్లు అయిదు వారాలు ఆడితే, చివరికి ఎర్ర జట్టు, నీలం జట్టు, పసుపు జట్టు మూడూ నాలుగేసి పోటీలు గెలిచి ఒకే మెట్టు మీద నిలిచాయి. ఎర్రవాళ్లు నీలంవాళ్లను ఓడించారు, నీలంవాళ్లు పసుపువాళ్లను ఓడించారు, పసుపువాళ్లేమో ఎర్రవాళ్లనే ఓడించారు. "తాతయ్యా, ఇప్పుడు కప్పు ఎవరిది?" అని అడిగారు. అడుగున ఎవరో పెన్సిలుతో "ఎవరూ మాట్లాడుకోవట్లేదు" అని కూడా రాశారు. నా కళ్లు ముందుగా ఆ మాట మీదే పడ్డాయి. మీ ప్రశ్నకు జవాబు చెప్తాను గానీ, పేచీ ఎక్కడ పుట్టిందో తెలియాలంటే లీగును మొదటినుంచీ పేర్చుకుంటూ రావాలి.

ప్రతి జట్టూ మిగతా జట్లన్నిటితో ఒక్కోసారి ఆడటమే లీగు. దాన్ని తిరగలి అనుకోండి. తిరగలిలో కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది. ఆరు చీటీలు కోసి 1 నుంచి 6 దాకా అంకెలు వేయండి. పై వరసలో 1, 2, 3 పెట్టండి. వాటి కింద అదే క్రమంలో 6, 5, 4 పెట్టండి. పైనా కిందా ఎదురుబొదురుగా ఉన్నవాళ్లు మొదటి వారం ఆడతారు: 1–6, 2–5, 3–4. ఇక 1ని ముట్టుకోకండి, అది కింది రాయి. మిగతా అయిదు చీటీలనూ గడియారం ముల్లు తిరిగే వైపు ఒక్కో స్థానం జరపండి. పైన 1, 6, 2 వస్తాయి, కింద 5, 4, 3 వస్తాయి. రెండో వారం 1–5, 6–4, 2–3 అన్నమాట. ఇలాగే తిప్పుతూ పోతే మూడో వారం 1–4, 5–3, 6–2. నాలుగో వారం 1–3, 4–2, 5–6. అయిదో వారం 1–2, 3–6, 4–5. ఒకసారి ఆడిన జంట మళ్లీ ఎదురుపడదు, ఏ జంటా మిగిలిపోదు. మొత్తం 15 పోటీలు. ఒక్కో జట్టు అయిదింటితో ఆడాలి గనక ఆరయిదులు ముప్పై, ప్రతి పోటీనీ రెండు వైపులా లెక్కపెట్టాం గనక అందులో సగం. జట్లు అయిదే ఉంటే ఆరో చీటీ ఖాళీగా పెట్టండి. దాని ఎదురుగా వచ్చిన జట్టుకు ఆ వారం విశ్రాంతి.

ఈ పట్టిక లేకుండా "ఎవరు దొరికితే వాళ్లతో ఆడేద్దాం" అనుకుంటే ఏమవుతుందో చూడండి. ఆఖరి వారానికి ఒక జట్టు ఆటలన్నీ అయిపోతాయి, ఇంకో జట్టుకు మూడు మిగిలిపోతాయి. ఆ మూడూ ఆడేవాళ్లకు ఎన్ని గెలిస్తే చాలో ముందే తెలిసిపోతుంది. అందుకే ఏ వారం పోటీలు ఆ వారమే ఆడాలి. ఆఖరి వారం మూడు పోటీలూ ఒకే పూట మొదలుకావాలి.

తిరగలిలో గింజలు గుప్పెడు గుప్పెడుగా పోయాలి. ఒక్కసారే గుమ్మరిస్తే రాయి పట్టేస్తుంది. మీ గుప్పెడు ఎంతో లెక్క కట్టండి. ఒక్కో పోటీలో రెండు సింగిల్స్ (ఒకరితో ఒకరు), ఒక డబుల్స్ (ఇద్దరితో ఇద్దరు) అంటే మూడు మ్యాచులు. వారానికి మూడు పోటీలు గనక తొమ్మిది మ్యాచులు. మూడు గేముల మ్యాచుకు నలభై నిమిషాలు అనుకుంటే, రెండు కోర్టుల మీద అయిదు దఫాలు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. ఒకే గేమైతే మ్యాచుకు ఇరవై నిమిషాలు పెట్టుకున్నా గంటా నలభైలో ముగుస్తుంది. చిన్న లీగుకు ఇదే మేలని నా అభిప్రాయం. గేము ఒకటే అయినప్పుడు ఎవరో ఒకరు 11కి చేరగానే వైపులు మారండి. గాలీ వెలుతురూ ఇద్దరికీ సమానంగా పంచినట్టవుతుంది.

మా చిన్నతనంలో ఈ లెక్క కుదిరేదే కాదు. అప్పుడు గేము 15 పాయింట్లకు, ఆడవాళ్ల సింగిల్స్‌లో 11కి. సర్వీసు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే పాయింటు. ఎదుటివాళ్లు ర్యాలీ, అంటే సర్వీసు నుంచి షటిల్ కింద పడేదాకా సాగే ఆట, గెలిస్తే సర్వీసు చేతులు మారేదే తప్ప పాయింటు వచ్చేది కాదు. సమానమైన ఇద్దరు దొరికితే సర్వీసు అటూ ఇటూ పోతూనే ఉండేది, అంకె కదిలేది కాదు. తర్వాత ఆడాల్సినవాళ్లు గట్టు మీద రాకెట్లు పట్టుకుని పొద్దు గుంకేదాకా కూర్చునేవాళ్లు. 2006 నుంచి ప్రతి ర్యాలీకీ పాయింటు వచ్చింది. గేము 21కి. 20–20 అయితే రెండు పాయింట్ల తేడా రావాలి, 29–29 దాకా పోతే తర్వాతి పాయింటే గెలుపు. అంటే ఒక గేములో ర్యాలీలు 21కి తగ్గవు, 59కి మించవు. ఆ పైహద్దు ఉండబట్టే మీరివాళ గడియారం చూసి పట్టిక వేసుకోగలుగుతున్నారు.

ఇక పేచీలు ఎక్కువగా లేచే చోటు: ఎవరు ఎవరితో ఆడాలి? మీ జట్టులో అందరికంటే నెమ్మదైన పిల్లను మొదటి సింగిల్స్‌కు పంపి, అవతలి మొనగాడికి ఆ మ్యాచు వదిలేసి, మిగతా రెండూ గెలుచుకోవాలన్న ఆలోచన ఏదో ఒక కెప్టెనుకు వచ్చి తీరుతుంది. తెలివైన ఎత్తే. కానీ ఆ పిల్ల సంగతేమిటి? ఓడిపోవడానికే పంపారని తనకు తెలుసు. అందుకని లీగు మొదలు కాకముందే ప్రతి జట్టూ ఆరుగురి పేర్లు బలం వరసలో రాసి ఇవ్వాలి. ఆ రోజు ఆడే సింగిల్స్ వాళ్లిద్దరూ ఆ వరస ప్రకారమే దిగాలి. మూడో వారం అయ్యాక ఒక్కసారి మాత్రం వరస మార్చుకోవచ్చు, ఎందుకంటే మీ వయసులో ఆట నెల తిరిగేసరికి మారిపోతుంది. ఒక పోటీలో ఎవరూ రెండు మ్యాచులు ఆడకూడదు, అప్పుడే నలుగురికి ఆట దొరుకుతుంది. పోటీకి ముందు కెప్టెన్లిద్దరూ పేర్ల చీటీలు మడిచి ఒకేసారి మార్చుకోవాలి. చీటీ విప్పాక పేరు మార్చకూడదు. ఒకరి పేరు ఒకే జట్టులో ఉండాలి.

కోర్టు కొలతలు గీసినవాళ్లు చూసుకుని ఉంటారు గనక నేను నెట్ సంగతే చెప్తాను. నెట్ స్తంభాల దగ్గర 1.55 మీటర్లు, నడిమధ్యలో 1.524 మీటర్లు ఉండాలి. సాయంత్రానికి నడుమ జారిపోతుంది, అది కంటికి తెలియదు. 1.524 మీటర్లకు ఒక కర్ర కోసి ఉంచుకుని ప్రతి పోటీకి ముందు నిలబెట్టి చూడండి. సర్వీసు చేసేటప్పుడు, రాకెట్టు తగిలే క్షణంలో షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల కిందే ఉండాలి. ఇది కొలవడానికి మీ దగ్గర పరికరం ఉండదు. స్తంభం పై అంచు నుంచి 40 సెంటీమీటర్లు కిందికి కొలిచి రంగు టేపు చుట్టండి, అదే 1.15. అంపైరు ఆ టేపు ఎత్తుకు కన్ను దించి చూస్తే చాలు.

గీతల దగ్గర నియమం చిన్నది: మీ వైపు పడ్డది మీరే చెప్పాలి. కార్కు గీతను అంటితే లోపలే. సరిగా చూడలేదంటే "లోపల" అనాలి, పాయింటు ఎదుటివాళ్లదే. గట్టు మీద కూర్చున్నవాళ్లు నోరు మెదపకూడదు, వాళ్లకు నిజంగా కనిపించినా సరే. డబుల్స్‌లో సర్వీసు తప్పు గడిలోంచి చేశారని తర్వాత గుర్తిస్తే గడి దిద్దుకోండి, వచ్చిన పాయింట్లు అలాగే ఉంటాయి. సర్వీసు చేసేటప్పుడు మీ పాయింట్లు సరిసంఖ్య అయితే కుడి గడి, బేసి అయితే ఎడమ గడి. ఇది నోటికొస్తే సగం గొడవలు పోతాయి.

జట్టు రాకపోతే పదిహేను నిమిషాలు చూడండి. తర్వాత ఎదుటివాళ్లు 3–0తో గెలిచినట్టు, ఒక్కో మ్యాచు 21–0గా రాయండి. లీగు మధ్యలో ఒక జట్టు పూర్తిగా మానేస్తే మాత్రం ఆ జట్టు ఆడిన పోటీలన్నీ పట్టికలోంచి కొట్టేయాలి, గెలిచినవీ ఓడినవీ అన్నీ. మొదటి వారం వాళ్లతో చెమటోడ్చి ఓడినవాళ్లుంటారు, నాలుగో వారం ఊరికే గెలుపు పొందేవాళ్లుంటారు. రెండూ ఒకే తక్కెడలో వేస్తే తూకం తప్పుతుంది. గెలుపు పోయినవాళ్లకు బాధే, అయినా ఇదే న్యాయం.

ఇప్పుడు మీ ప్రశ్న. తిరగలి తిప్పాక పిండి జల్లెడ పట్టాలి కదా. ఒక జల్లెడలో తేలకపోతే ఇంకా సన్నటి జల్లెడ పట్టాలి. మొదటి జల్లెడ, గెలిచిన పోటీలు. రెండు జట్లే సమానమైతే వాళ్లిద్దరి మధ్య జరిగిన పోటీలో గెలిచినవాళ్లు పైన. మూడు జట్లు సమానమైతే ఆ దారి గుండ్రంగా తిరిగి మొదటికే వస్తుంది, మీకు వచ్చినట్టు. అప్పుడు లీగంతటిలో గెలిచిన మ్యాచుల్లోంచి ఓడిన మ్యాచులు తీసేయాలి. అదీ సమానమైతే గేముల తేడా, ఆ తర్వాత పాయింట్ల తేడా, ఆఖరికి చీటీ. ఏ జల్లెడ దగ్గరైనా ఇద్దరే మిగిలితే వెనక్కు వెళ్లి వాళ్లిద్దరి మధ్య ఎవరు గెలిచారో చూడాలి. ఈ చివరి మాట చాలామంది మరిచిపోతారు.

మీరు పంపిన పట్టిక చూశాను. ఎర్రవాళ్లు 11 మ్యాచులు గెలిచి 4 ఓడారు, తేడా 7. నీలంవాళ్లు 12 గెలిచి 3 ఓడారు, తేడా 9. పసుపువాళ్లు 11 గెలిచి 4 ఓడారు, తేడా 7. కాబట్టి నీలం మొదటిది. ఎర్ర, పసుపు మళ్లీ సమానం. ఇద్దరే మిగిలారు గనక వాళ్ల మధ్య పోటీ చూడాలి, అందులో పసుపువాళ్లు గెలిచారు. పసుపు రెండు, ఎర్ర మూడు.

కానీ పిల్లలూ, ఈ నియమం మీరు ముందు రాసుకోలేదు. ఇప్పుడు రాస్తే అది నీలంవాళ్ల కోసం రాసినట్టే కనిపిస్తుంది. పాయింట్ల తేడానే ముందు చూద్దామని ఇంకొకరు అంటే అది ఇంకో జట్టు కోసం. ఎవరికి లాభమో ఎవరికీ తెలియనప్పుడు రాసిందే నియమం. కాబట్టి ఈ ఏడు కప్పు మూడు జట్ల దగ్గరా నాలుగేసి నెలలు ఉండనివ్వండి. ఎవరి దగ్గర ముందుండాలో చీటీ వేసుకోండి. పై నియమం వచ్చే లీగుకు మొదటి పేజీలో రాసి ఆరుగురు కెప్టెన్ల చేతా సంతకం పెట్టించండి.

వచ్చేసారి సెమీఫైనల్స్ కూడా పెడతామన్నారు. జాగ్రత్త. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల డబుల్స్‌లో నాలుగు జంటలు, చైనా నుంచి ఒకటి, ఇండోనేషియా నుంచి ఒకటి, దక్షిణ కొరియా నుంచి రెండు, గ్రూపు ఆఖరి మ్యాచుల్లో గెలవాలని ఆడలేదు. ఓడితే తర్వాతి దశలో తేలికైన జోడీ తగులుతుందన్న లెక్క. సర్వీసులు నెట్లోకి కొట్టారు, జనం అరిచారు, ఎనిమిదిమందినీ పోటీల నుంచి పంపేశారు. వాళ్లు చేసింది తప్పే. అయితే ఓడితే లాభం వచ్చేలా పట్టిక వేయడమూ తప్పే. అందుకే తర్వాతి ఒలింపిక్స్ నుంచి గ్రూపులో రెండో స్థానం వచ్చిన జంటలకు ఎవరు ఎదురవుతారో చీటీ తీసి తేల్చడం మొదలుపెట్టారు. మీ లీగులో ఇంకా సులువు: మొదటి స్థానం వచ్చిన జట్టు, మూడు, నాలుగు స్థానాల వాళ్లలో తనకు కావలసిన ప్రత్యర్థిని ఎంచుకుంటుంది. పైకి పోయినకొద్దీ మేలే తప్ప కీడు ఉండదు.

షటిల్ గురించి రాయకుండా ఉత్తరం ముగించలేను. పోటీకి ముందు దాన్ని పరీక్షించాలి. వెనక గీత మీద నిలబడి, కింది నుంచి పైకి బలంగా ఒక్క దెబ్బ కొట్టండి. అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడితే అది సరైన వేగం. గీతకు అంతకన్నా దగ్గరగా పడినా, గీత దాటిపోయినా వేగమెక్కువ, మరీ ముందు పడితే తక్కువ. ఎండలు ముదిరితే గాలి పలచబడి అదే షటిల్ దూరం పోతుంది, అప్పుడు నెమ్మది రకం తీసుకోవాలి. నైలాన్ షటిల్ కార్కు చుట్టూ ఉండే పట్టీ రంగు చూడండి: ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యరకం, ఎరుపు వేగం. ఆ పూటకు ఏ రకమో తేల్చుకున్నాక మధ్యలో మార్చకండి.

పరీక్ష అయ్యాక ఈకల షటిల్ ఒకటి అరచేతిలో పెట్టుకుని చూడండి. 16 ఈకలు, ఒకదాని అంచు మీద ఇంకొకటి, అన్నీ ఒకే వైపు వాలి ఉంటాయి. బరువు అయిదు గ్రాములకు అటూ ఇటూ. 2023లో భారత డబుల్స్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి పైనుంచి కిందికి బలంగా కొట్టిన దెబ్బ, అంటే స్మాష్, గంటకు 565 కిలోమీటర్ల వేగంతో బయల్దేరిందని గిన్నిస్ వాళ్లు నమోదు చేశారు. అంత వేగంతో బయల్దేరేది 13.40 మీటర్ల కోర్టులో ఎలా ఆగుతుందో పుటలకు పుటలు రాయొచ్చు గానీ, నేను రాయను. గాలి లేని గదిలో కుర్చీ ఎక్కండి. కార్కు పైకి, ఈకలు కిందికి ఉండేలా పట్టుకుని వదలండి. నేలను తాకే లోపల ఎక్కడ తిరగబడిందో, తిరగబడ్డాక ఏ వైపుకు గిర్రున తిరిగిందో చూడండి. ఒక ఈక కొసకు సిరా చుక్క పెడితే తిరగడం బాగా కనిపిస్తుంది. ఎర్రవాళ్లు వదలండి, నీలంవాళ్లు చూడండి, పసుపువాళ్లు నాకు రాయండి.

మీ తాతయ్య